శనివారం కుందేళ్లు

గిడియన్ గారు తెచ్చే కుందేళ్లకి ఒంటిమీద ఒక్క తూటా కన్నం కూడా ఉండదేంటమ్మా అని వసుంధర ఆంటీ అన్నదంట. అన్నది మా పిన్నితో కాదు, లీలావతి ఆంటీతో. లీలావతి ఆంటీ ఆ మాటని రెండు రోజులు కడుపులో దాచుకోలేక అవస్థపడి, మూడో రోజు, కలిసి కొన్న పదికిలోల ఉల్లిపాయల బస్తాలో మా సగం మాకు ఇచ్చిపోయే వంకన వచ్చి, పిన్ని చెవిలో వేసి, "నేను చెప్పానని మాత్రం అనకు ప్రిస్సిల్లా" అని ఒట్టు వేయించుకుని మరీ పోయింది. ఆ మాటకి ఒక తోక కూడా ఉంది. వసుంధర ఆంటీ వాళ్లాయన ద్వారకానాథ్ అంకుల్ డాండినాంగ్ మార్కెట్లో మాంసం కొట్ల వరసలో మా బాబాయి గిడియన్‌ని చూశాడంట. టోపీ కళ్లమీదికి లాక్కుని, చేతిలో కవరు పట్టుకుని, కవర్లో రెండు చర్మం ఒలిచిన కుందేళ్లతో.

తెల్లారగట్ల తుపాకీ కారులో వేసుకుని వేటకని పోయిన మనిషి మధ్యాహ్నం మార్కెట్లో కుందేళ్లు కొంటున్నాడంటే, మధ్యలో ఆ గంటలన్నీ ఎక్కడ ఉంటున్నట్టు?

పిన్ని ఆ ప్రశ్న పైకి అనలేదు. ఉల్లిపాయలు బుట్టలో పోసుకుంటా ఒక్కొక్కదాన్నీ నొక్కి నొక్కి చూసింది.

అది రెండువేల పంతొమ్మిది ఫిబ్రవరి చివర. నాకు రెండో సెమిస్టర్ అప్పుడే మొదలైంది. సిటీ చివర్న క్లైడ్ నార్త్‌లో బాబాయి వాళ్లింట్లో ముందు గది నాది. యూనివర్సిటీకి రైలూ బస్సూ కలిపి గంటన్నర. అయినా ఇంటి తిండి, ఇంటి భాష. ఆ ఇంట్లో బాబాయి, పిన్ని, వాళ్ల పదమూడేళ్ల కూతురు జాక్లిన్, నేను, ఆ యేడు కొత్తగా మా తాత రాయప్ప. విజిటర్ వీసా మీద మూడు నెలలకని గుంటూరు జిల్లా నుంచి దిగాడు. డెబ్బై ఆరేళ్లు. ఒకప్పుడు మెట్టపొలాల్లో వలకట్టి కుందేళ్లు పట్టడంలో చుట్టుపక్కల ఊళ్లలో ఆయన తర్వాతే ఎవరైనా. ఇక్కడ కొడుకు కూడా వేటగాడైనందుకు తాతకి లోలోపల గర్వం. వచ్చిన మొదటి వారంలోనే ఆ గర్వానికి బీట పడింది.

ఆ శనివారం బాబాయి తెచ్చిన కుందేలుని తాతే ముక్కలు కొట్టాడు. పిన్ని గసగసాలేసి వండింది. బల్ల దగ్గర ఎలా ఉంది మావయ్యా అంటే, "మెత్తంగా ఉందమ్మాయ్" అన్నాడు. అంతే. తిన్నాక నన్ను పెరట్లోకి రమ్మని సైగ చేశాడు.

"ఏరా అబ్బాయ్, ఈ దేశంలో కుందేళ్లు పరిగెత్తవా?"

"ఎందుకు తాతా?"

"నడుం లోపల తెల్లంగా ఇంత కొవ్వు. నక్కకి భయపడి బతికిన కుందేలికి అంత కొవ్వు ఎట్టా పట్టుద్దిరా? ఇది బోనులో కూచుని మేసింది. మీ బాబాయి తుపాకీతో బోను కాడికి పోతన్నాడా ఏంది?"

నేను నవ్వేశాను. తాత నవ్వలేదు. అప్పటికి వసుంధర ఆంటీ మాట ఇంకా మా ఇంటికి రాలేదు. అంటే ఊళ్లోవాళ్లకంటే ముందు పట్టేసింది మా తాతే.

మాట ఇంటికి వచ్చాక పిన్ని లెక్క మారింది. మొదట నేరుగానే అడిగింది.

"ఏవండీ, మీరు కొట్టిన కుందేలుకి దెబ్బ కనపడదేం?"

"తలకే కొడతా," అన్నాడు బాబాయి.

"మరి తల ఎప్పుడూ తేరేం?"

"తలా తోలూ అక్కడే పారేస్తాం. అవన్నీ ఇంటికి తేకూడదు."

బాబాయి మాటలు ఎప్పుడూ పొదుపే. వారమంతా ఆఫీసు, వచ్చాక లాప్‌టాప్, ఆదివారం పూజ, పూజయ్యాక ఎవరో ఒకరింట్లో బార్బెక్యూ. ఆయన శనివారాలు మాత్రం రెండేళ్ల నుంచీ ఆయనవి. కోరంబరా ఊరి అవతల ఎవరిదో పొలం ఉందని, కుందేళ్లు గడ్డంతా తినేస్తున్నాయని, కాల్చుకోమని వాళ్లే పర్మిషన్ ఇచ్చారని చెప్పేవాడు. గరాజ్‌లో గోడకి బోల్టులు బిగించిన ఇనప పెట్టెలో తుపాకీ. తాళం ఆయన దగ్గరే.

మార్చి మొదట్లో విభూది బుధవారం వచ్చింది. మా వాళ్లకి తపస్సుకాలం అంటే నలభై రోజులూ నీసు ముట్టరు. గుడ్డు కూడా పొయ్యి ఎక్కదు. బాబాయి పప్పొండమ్మా, పచ్చిపులుసు చాలమ్మా అని బుద్ధిమంతుడల్లే తిన్నాడు. శనివారం రాగానే తెల్లారగట్ల తుపాకీ పెట్టె తీశాడు.

మా బాబాయి చేసిన పొరపాటు అదే. తినకూడని నలభై రోజుల్లో వేటకి పోవడం ఏంటని ఆయనకి తోచనే లేదు. కుందేళ్లు కొనే పని తప్పింది కదా, ఇక అడిగేవాళ్లు ఉండరనుకున్నాడేమో. ఒట్టి చేతులతో వచ్చాడు. వచ్చినప్పుడు మొహం కడిగిన పలకలాగా ఉంది. పైగా మెడలో ఆకుపచ్చ ఉన్ని మఫ్లర్, చేత్తో అల్లింది. పోయేటప్పుడు లేదు.

పిన్ని ఆ మఫ్లర్‌ని వాషింగ్ మెషీన్లో వేసేముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం నేను చూశాను. నేను చూశానని ఆమె చూసింది.

"బెన్‌హర్, ఇట్రా" అంది. "మాంసం తినని రోజుల్లో వేటేంటిరా?"

"అలవాటేమో పిన్నీ."

"ఫోన్లో ‘మార్గ్ – ఫామ్’ అని ఉంది. మార్గ్ అంటే మగా ఆడా?"

"మార్గరెట్ అయ్యుంటుంది."

ఆమె మెషీన్ మూత గట్టిగా వేసింది. "నువ్వొకసారి ఆయనతో వెళ్లు. వెళ్లి చూసింది చూసినట్టు నాకు చెప్పు. ఇంట్లో మనిషివని చెప్తున్నా."

ఇంట్లో మనిషివి అన్నమాట మెత్తగానే ఉంది గానీ, అందులో ఎముక నాకు తగిలింది. బాబాయి స్పాన్సర్ పేపర్లమీద సంతకం పెట్టిన మనిషి. పిన్ని మూడు పూటలా అన్నం పెట్టే మనిషి. సెమిస్టర్ మధ్యలో ఇంకో గది వెతుక్కునే ఓపిక నాకు లేదు. సరే అన్నాను.

నేను అడిగితే బాబాయి, "నీకు అసైన్‌మెంట్లు లేవా?" అన్నాడు. తాత అడిగితే, "నీ మోకాళ్లతో ఆ ఎత్తూపల్లాలు నీ వల్ల కాదు నాయనా. పాములు కూడా," అన్నాడు.

"పాముల్ని చూడనోడికి చెప్పు," అన్నాడు తాత. "నీకు లైసెన్సుంది, నాకు లేదంటావ్. వల కట్టడానికి లైసెన్సు ఎందుకురా?"

మర్నాడే తాత హార్డ్‌వేర్ షాపు నుంచి నాచేత ఆకుపచ్చ దారపు ఉండలు తెప్పించాడు. చెక్కపుల్ల ఒకటి చెక్కి, దానికి దారం చుట్టి, గరాజ్‌లో కారు పక్కన స్టూలు వేసుకుని వల అల్లడం మొదలుపెట్టాడు. ఒక చివర తుపాకీ పెట్టె బోల్టుకే కట్టాడు. తపస్సుకాలమంతా సాయంత్రాలు ఆ ముళ్లు పడతానే ఉన్నాయి. బాబాయి ఆఫీసు నుంచి వచ్చి కారు దిగి, పెట్టెనీ వలనీ చూసి లోపలికి పోయేవాడు. పక్కన కూచుని దారం విప్పుతూ నేను పాత వేటల గురించి అడిగేవాణ్ణి. జాక్లిన్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడేది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం ఇంగ్లీషే వస్తుంది.

"మా ఊళ్లో వేటకి పన్నెండుమందిమి పోయేవాళ్లం," అన్నాడు తాత ఒకరోజు. "కుందేలు దొరకడం కష్టం కాదురా, పంచడం కష్టం. ముందు నేను కొట్టానంటే నేను కొట్టానని తలకాయలు పగిలేయి. అందుకని పోగులు వేశాక ఒక కట్టుబాటు. పోగు ముందు కూచున్నోడు అబద్ధమాడకూడదు. ఆడాడని తేలితే మళ్లీ జన్మలో వాణ్ణి వేటకి పిలవరు."

"వాట్ ఇఫ్ యూ జస్ట్ డోంట్ సే ఎనీథింగ్?" అంది జాక్లిన్.

నేను చెప్పాను తాతకి. నోరు మూసుకుంటే ఏంటి అంటోంది.

తాత ముడి బిగించాడు. "మూసుకోవచ్చు. కానీ అడిగితే చెప్పాల."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. పిన్ని వింటోంది.

మట్టలాదివారం అయింది, ఈస్టర్ అయింది. ఈస్టర్ తర్వాతి శనివారానికి తాత నోరు తెరిచి, "ఇంకో మూడు వారాల్లో పోతన్నా. నా కొడుకు వేట చూడకుండా విమానం ఎక్కమంటావా?" అన్నాడు. ఆ మాటకి బాబాయి కారు వెనక సీటు ఖాళీ చేశాడు. నేను బ్యాగ్ సర్దుకున్నాను. పిన్ని జాక్లిన్‌ని కూడా నిద్రలేపి కారులో కుక్కింది. సాక్షులు ఇద్దరైతే మేలనుకుంది కాబోలు. కారు కదిలేముందు నా వైపు అద్దం దగ్గరికి వంగి, "చలిగా ఉంటుంది, కళ్లూ చెవులూ జాగ్రత్త," అంది.

పకెన్‌హామ్ ఊరు దాటాం. కూవీరప్ దగ్గర పొగమంచులో ఆవులు సగం సగం కనపడుతున్నాయి.

"మీ పిన్ని ఏం చూసి రమ్మందిరా?" అన్నాడు బాబాయి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఏమీ అనలేదు బాబాయ్."

"ఊ," అన్నాడు. ఆ ఊ నా మాట నమ్మని ఊ.

కోరంబరా దాటాక మట్టిరోడ్డులోకి తిప్పాడు. ఒక ఇనప గేటు ముందు ఆపి, దిగి, గొలుసుని ఒక పక్కకి లాగి మోకాలితో కొద్దిగా తన్నాడు. తెరుచుకుంది. వెనక సీట్లోంచి తాత నా భుజం గిల్లాడు. చూశావా, ఈ గేటు వీడికి ఇంటి గేటుకంటే ఎక్కువ తెలుసు అన్నట్టు. లోపలికి పోతుంటే గోధుమరంగు కుక్క ఒకటి పరుగెత్తుకొచ్చింది. మొరగలేదు. బాబాయి దిగీ దిగకముందే ఆయన అరచేతిలో మూతి పెట్టేసింది.

రేకుల ఇంటి వరండాలోంచి ఒకామె దిగొచ్చింది. వచ్చింది గూని నడుం ముసలామె. ఎనభైకి దగ్గర. గమ్‌బూట్లు, మగవాళ్ల కోటు, మెడలో ఆకుపచ్చ ఉన్ని మఫ్లర్. బాబాయిదీ ఆమెదీ ఒకే ఉండలోంచి అల్లినవి.

"గిడ్! యూ బ్రాట్ ద హోల్ మాబ్!" అంది, గుంపునంతా తెచ్చావే గిడియన్ అని.

తాత చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని గడగడా ఏదో చెప్పింది. ఆమె చెప్పింది ఇదీ. మొగుడు పోయినకాడ్నించి ఈ పొలంలో మీ కొడుకంత నెమ్మదైన మనిషిని చూడలేదు. కుందేళ్లని చంపడానికి పర్మిషన్ ఇచ్చాను, రెండేళ్లలో ఒక్కసారి కూడా తుపాకీ మోత వినలేదు. ఆ నీళ్ల కుంట గట్టున మొద్దుమీద కూచుంటాడు. నీళ్లవైపు చూస్తాడు. మధ్యాహ్నం నేను టీ ఇస్తే తాగి పోతాడు. కుందేళ్లు ఆయన బూట్ల దగ్గరే మేస్తున్నాయి, నా గడ్డే పోతోంది.

తాత నా వైపు తిరిగాడు. "ఏమంటంది?"

బాబాయి నావైపు చూశాడు. అడుక్కున్నట్టు కాదు, ఆపినట్టూ కాదు. నువ్వేం చేస్తావో చూస్తానన్నట్టు.

"బాబాయి మంచి గురికాడు అంటోంది తాతా."

జాక్లిన్ తల తిప్పి నన్నే చూసింది. ఆమె ఇంగ్లీషూ నా తెలుగూ రెండూ దానికి అర్థమయ్యాయి మరి.

తాత ముసలామెని చూశాడు, నన్ను చూశాడు. "అంత పొడుగు చెప్పింది, ఇంత పొట్టిగా తేల్చావేందిరా?" అని, బాబాయి చేతిలోంచి తుపాకీ తీసుకుని, లోపల తూటా లేదని తనకి చూపించమన్నాడు. చూపించాక గొట్టం మూతి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పిన్ని మఫ్లర్ వాసన చూసినట్టే చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

"వల కడదాం పదండి," అన్నాడు.

ముళ్లపొదల కింద కుందేటి కన్నాలు జల్లెడలాగా ఉన్నాయి. తాత పొద పొడుగునా వల కట్టాడు. మోకాళ్లు నొప్పని ఒక్కసారి కూడా అనలేదు. నేనూ జాక్లిన్ అవతలి నుంచి కర్రలతో కొడుతూ, అరుస్తూ వచ్చాం. ఇంట్లో గదిలోంచి బయటికి రాని పిల్ల గొంతు పోయేలాగా అరిచింది. ఒక కుందేలు వల చివర పడింది. తాత పరుగెత్తబోయి, ఆగి, పిలిచాడు.

"గిడియానూ! నువ్వు దగ్గరున్నావ్, పట్టు!"

బాబాయి తుపాకీ చెట్టుకి ఆనించి, వల దగ్గర మోకాళ్లమీద కూచున్నాడు. వెనక కాళ్లు ఒడిసిపట్టి, పైకెత్తి, చెవుల వెనక అరచేత్తో ఒక్క దెబ్బ వెయ్యాలి. మా ఇంట్లో మగపిల్లలందరికీ తెలిసిన పని అది. చెయ్యకపోయినా విని విని తెలిసిన పని. బాబాయి చేతులు మాత్రం తొందరపడలేదు. పంటికింద రాయి తీసినంత జాగ్రత్తగా ఒక్కో ముడీ కుందేలు కాలి మీంచి తప్పించాడు. తప్పించాక రెండు చేతుల్లో ఒక్క క్షణం ఉంచుకున్నాడు. తర్వాత అది అక్కడ లేదు.

తాత వచ్చాడు. వంగి, వలని చేతుల్లోకి తీసుకుని, కన్ను కన్నూ వేళ్లతో తడిమాడు. ఆరు వారాల అల్లిక అది, ఒక్క దారం కూడా తెగలేదు. నేను చూశాను.

"చిరిగింది," అన్నాడు తాత. "నా ముళ్లలో బిగువు తగ్గింది. ముసలితనం."

బాబాయి లేవలేదు. తాత ఆయన పక్కనే నిలబడి, వల చుట్టుకుంటూ, గొంతు తగ్గించి, "నీ ఏడో యేట కూడా ఇట్టాగే చిరిగింది," అన్నాడు. "ఆ రోజు నిన్ను బెల్టుతో కొట్టా."

తర్వాత ఇంకోటి పడింది. దాన్ని తాతే చూసుకున్నాడు. పొలంగలామె వాటా అని ఒక తొడ ఆమె వరండాలో ఇచ్చి వచ్చాం. ఆమె నాకూ జాక్లిన్‌కీ బిస్కెట్లు పెట్టింది. అమ్మమ్మలందరూ చేసేదే ఇక్కడా.

నాలుగింటికల్లా ఇంటికొచ్చాం. పిన్ని తలుపు తీసుకునే ఉంది. ఆమె చూపు ముందు నా మొహం మీద, తర్వాత జాక్లిన్ మొహం మీద, చివర సంచీ మీద పడింది. తాత వంటింటి బల్లమీద పేపరు పరిచి, మిగిలిన మాంసం నాలుగు పోగులు పెట్టాడు. ముక్కలు సన్నం, అయినా పోగుకి పోగు సమానం. జాక్లిన్‌ని వెనక్కి తిరిగి నిలబడి, చూడకుండా పేర్లు చెప్పమన్నాడు.

"ఇదెవరికి?"

"బెన్‌హర్."

"ఇదెవరికి?"

"మీ," అంటే తనకే.

"ఇదెవరికి?"

"డాడ్."

మిగిలింది తాతది. నలుగురం పోగుల ముందు కూచున్నాం. వేటకి రానివాళ్లకి పోగు లేదు. పిన్ని బల్ల చివర నిలబడింది.

"నాకు పోగు వద్దు మావయ్యా, మాట కావాలి," అంది. "పోగు ముందు కూచున్నోళ్లు అబద్ధమాడకూడదు, అవునా?"

తాత ముక్కల మీద ఈగని తోలాడు. "అది మా ఊరి కట్టుబాటమ్మాయ్," అన్నాడు. వద్దని చెప్పినట్టూ ఉంది, కాదనలేనని చెప్పినట్టూ ఉంది.

"బెన్‌హర్, చెప్పు. మార్గ్ ఎవరు?"

పొద్దున తాతకి చెప్పినట్టు పిన్నికి చెప్పలేకపోయాను. ముందు పోగుంది మరి. "ముసలామె పిన్నీ. ఎనభై దగ్గర పడ్డాయి. ఒక్కతే ఉంటుంది. మఫ్లర్ ఆమే అల్లింది. ఇంకెవరూ లేరు."

"నిజంగా?"

"దేవుడి తోడు."

పిన్ని బల్ల అంచు పట్టుకుంది. రెండు నెలల నుంచి బిగిసున్న దవడ వదిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి పడకముందే నవ్వొచ్చేసింది. "అయ్యో రామ... ఏసయ్యా! ఆ వసుంధర నోట్లో మన్ను పడ. ముసలామెనా!" అని పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "మరి ఆ కొన్న కుందేళ్లేంటి? వేటలో ఏం చేస్తారీయన?"

నేను నా పోగు కింద పేపరు సర్దాను.

"హి డజంట్ షూట్, మమ్," అంది జాక్లిన్. "హి జస్ట్ సిట్స్ దేర్. బై ద వాటర్."

"కూచుంటారా?" పిన్ని ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వులో గండం గడిచిన ఆడదాని చనువు, వేళాకోళం రెండూ ఉన్నాయి. బాబాయి భుజమ్మీద చెయ్యేసింది. "ఏమయ్యా మహానుభావా! కూచోడానికి అంత దూరం పోవాలా? దానికి తుపాకీ ఒకటా? మన ఇంట్లో కుర్చీలు లేవా?"

బాబాయి తన పోగువైపు చూస్తున్నాడు. తాత చెయ్యి కదిపాడు, ఆపడానికేమో. ఆలస్యమైపోయింది.

"ఉన్నాయి," అన్నాడు బాబాయి. "ఇంట్లో మీరు కూడా ఉంటారుగా."